ఆకు ముడత పడితే తోట దున్నేస్తామా?

కొంచెం పెద్ద పోస్టు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. రెండిటికీ మందు వేరు. ఆకు చూడకుండానే "తోట పీకేసి మళ్లీ నారు పోసుకో" అని ఎవడైనా అంటే వాణ్ణి గట్టు ఎక్కనిస్తామా? మరి విండోస్ అప్‌డేట్ ఫెయిల్ అయిందని కంప్యూటర్ మోసుకుపోతే, "ఫార్మాట్ కొట్టాలి" అనేవాడి ముందు ఎందుకు తలూపుతున్నాం?

నేనూ తలూపాను. అందుకే ఈ కోపం.

కిందటేడు మిరప కోతలప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ అప్‌డేట్ సగందాకా పోయి ఆగిపోయేది. 0ఎక్స్80070070 అని ఒక నెంబరు చూపించేది. టౌన్లో ఒక షాపుకు తీసుకెళ్లాను. ఆ కుర్రాడు నెంబరు వంక కూడా చూడలేదు. "ఫార్మాట్ చేస్తే పోద్ది అంకుల్" అన్నాడు. పోయింది. దాంతోపాటు 9 ఏళ్ల సాగు లెక్కలు పోయాయి. ఏ చేలో ఏ ఏడు ఎంత ఎరువు వేశాను, కూలీ ఎంత అయింది, దిగుబడి ఎంత వచ్చింది, అన్నీ. చనిపోయిన మా నాన్న ఫొటోలూ పోయాయి. "ఉంచాల్సినవి ఏమన్నా ఉన్నాయా?" అని అతను ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాది.

తర్వాత తెలిసింది, ఆ నెంబరుకు అర్థం డిస్కులో చోటు లేదని! సీ డ్రైవు నిండా పెళ్లి వీడియోలు. వాటిని పెన్‌డ్రైవులోకి మార్చి చోటు చేయడం మన చేతిలో పని.

"ఇవన్నీ రైతుకెందుకు, తెలిసినవాళ్లకు వదిలెయ్" అంటారు కొందరు. ఆకు చూడటం నేర్చుకున్నవాడికి నెంబరు చూడటం కష్టమా? సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ. ఏది ఫెయిల్ అయిందో అక్కడ ఉంటుంది. ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేయండి. తర్వాత సీ డ్రైవులో చోటు చూడండి, టెంపరరీ ఫైల్స్ తీసేయండి. కీబోర్డు, మౌస్ తప్ప మిగతా వైర్లు పీకి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ట్రబుల్‌షూట్‌లో విండోస్ అప్‌డేట్‌ది నడపండి. మార్పులు వెనక్కి తీసుకుంటున్నానని తెర మీద రాస్తే ఎంతసేపైనా ఆగండి, పవర్ బటన్ నొక్కొద్దు. ఇవేవీ పని చేయకపోతే రీసెట్‌లో ఫైళ్లు ఉంచి విండోస్‌ని మాత్రం కొత్తగా ఎక్కించే దారి ఉంది. ఫార్మాట్ అన్నిటికన్నా చివరిది.

"అసలు అప్‌డేట్లే ఆపేస్తే పోలా?" అనేవాళ్లు ఇంకో రకం. 2017 మే నెలలో వాన్నక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బులు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

కంపెనీని కూడా వదలను. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్ చాలామందికి ఎక్కలేదు. రికవరీకని పక్కన పెట్టిన భాగంలో చోటు చాలకపోవడం కారణం. అయితే తెర మీద వచ్చిన 80070643 నెంబరులో ఆ సంగతే లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహా ఏమిటయ్యా అంటే, ఇంట్లో వాడుకునే మనిషే కమాండ్లు కొట్టి ఆ భాగాన్ని 250 ఎంబీ పెంచుకోవాలట! దానంతట అదే సరయ్యే అప్‌డేట్ రాదని కూడా తర్వాత తేల్చేసింది. విత్తనం మొలవకపోతే నేల నువ్వే మార్చుకో అన్నట్టుంది. "మీ డిస్కులో ఇక్కడ చోటు చాల్లేదు" అని తెలుగులో ఒక్క ముక్క రాయడానికి ఏం అడ్డం?

షాపు కుర్రాడికి టైమే డబ్బు, కాదనను. కానీ అతనికి అరగంట మిగిల్చిన పని నాకు 9 ఏళ్లు తినేసింది.

ఈ రాత్రికే మీ లెక్కలు, ఫొటోలు, పొలం కాగితాలు వేరే చోట ఒక కాపీ పెట్టుకోండి. రేపు ఎవరన్నా ఫార్మాట్ అంటే, "నెంబరు చూశావా బాబూ?" అని ఒక్క మాట అడగండి. చూడనివాడి చేతిలో పెట్టకుండా కంప్యూటర్ ఇంటికి తెచ్చేసుకోండి.