రంగు వేసిన సంగతి ముందే చెప్పాలి



కొత్త కారు రంగులో లోపం చూపిస్తే షోరూమ్‌లో వినిపించే జవాబు ఒకటే: "రంగే కదా సార్, రబ్బింగ్ కొట్టించి ఇస్తాం." ఈ జవాబుతో సరిపెట్టుకుని ఇంటికొస్తున్న వాళ్ల తరఫున రాస్తున్నాను. దారిలోనో యార్డులోనో దెబ్బ తగిలి మళ్లీ రంగు వేసిన బండిని, ఆ సంగతి చెప్పకుండా కొత్తదిగా అమ్మనివ్వకూడదు. ఏ భాగానికి, ఎందుకు రంగు వేశారో రిజిస్ట్రేషన్‌కు ముందే కాగితం మీద రాసివ్వాలి.

చేతికి గరుకుగా తగిలిందల్లా పెద్ద లోపం కాదు. రైల్లో వచ్చిన బండికి పట్టాల ఇనుప రజను అంటుకుంటుంది. యార్డులో ఎండకూ వానకూ నిలబడితే దుమ్ము, పిట్టల రెట్టలు. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరితే కంటికి ఆనని గరుకు కూడా తెలిసిపోతుంది. తడిపి క్లే ముద్దతో రుద్దితే చాలావరకు పోతుంది. రంగులోనే చిక్కుకున్న నలుసులు, కారి గడ్డకట్టిన చారలు వేరు. వాటిని మెషిన్‌తో అరగదీస్తే పైనున్న క్లియర్ కోట్ కూడా అరుగుతుంది. ఆ పూత మందం సుమారు 40, 50 మైక్రాన్లే. మన ఎండల నుంచి రంగును కాపాడేది అదే. దాన్ని అరగదీసి, పైన డబ్బు తీసుకుని సిరామిక్ కోటింగ్ వేస్తామనడం నాకు అస్సలు మింగుడుపడదు.

అన్నిటికన్నా అన్యాయం చెప్పని రీపెయింట్. ఫ్యాక్టరీలో సీట్లు, వైర్లు బిగించకముందే ఉత్త బాడీకి రంగు వేసి 140 డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. తయారైన బండిని అంత వేడిలో పెట్టలేరు కనుక వర్క్‌షాపులో 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. పనిమంతుడి చేతిలో అదీ బాగానే వస్తుంది, కాదనను. కానీ రంగు మందం కొలిచే మీటరు పెడితే తేడా బయటపడుతుంది. మా మేనకోడలు తన కారు అమ్మబోతే జరిగింది ఇదే. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లుంటుంది; ఆమె బండి వెనక డోరు దానికి రెట్టింపు పైనే చూపించింది. "యాక్సిడెంట్ బండి" అన్నాడు కొనేవాడు, ధర కోసేశాడు. ఆ పిల్ల ఎక్కడా గుద్దలేదు, ఏ గ్యారేజీలోనూ రంగు వేయించలేదు. ఎవరో దాచిన పనికి అబద్ధాలకోరు అనిపించుకుంది.

అమెరికాలో ఇలాంటి గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1990లో అలబామాలో ఐరా గోర్ అనే డాక్టరు బీఎండబ్ల్యూ కొన్నాడు. ఆమ్లవర్షానికి పాడైన రంగును మళ్లీ వేసి అమ్మారని నెలల తర్వాత తెలిసింది. మరమ్మతు ఖర్చు ధరలో 3 శాతం దాటకపోతే చెప్పనక్కర్లేదన్నది అప్పటి కంపెనీ విధానం. జ్యూరీ వేసిన 40 లక్షల డాలర్ల దండనను అలబామా కోర్టు సగానికి తగ్గిస్తే, 1996లో సుప్రీంకోర్టు అదీ అతి అంది. చివరికి 50 వేల దగ్గర తేలింది. మనకు పనికొచ్చేది ఆ డబ్బు లెక్క కాదు. జ్యూరీ తీర్పు రాగానే, ఎంత చిన్న మరమ్మతైనా చెప్పే అమ్మాలని ఆ కంపెనీ తన విధానం మార్చుకుంది. అంటే అది చేయగలిగిన పనే!

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా బాగుచేసిన సరుకును కొత్తదని అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే బండి ఇంటికొచ్చాక రుజువు చేసుకోవాల్సింది కొన్నవాళ్లే. "మీ దగ్గరికొచ్చాకే గీసుకుంది" అంటే ఏం చూపిస్తారు? పైగా మనం ముహూర్తానికి తీసుకుంటాం. పంతులు, కొబ్బరికాయ, రిబ్బను, ఫొటోలు, రాత్రయితే షోరూమ్ లైట్లు. ఆ హడావుడిలో డోరు రంగు ఎవరు చూస్తారు?

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు, డీలర్లకు నా విన్నపం. లైఫ్ ట్యాక్స్ కట్టకముందే, బీమా రాయకముందే, ఛాసిస్ నంబరుతో సహా బండిని పగటి వెలుగులో చూపించండి. కొనేవాళ్లు మీటరు తెచ్చుకుంటే అడ్డుపడకండి. ప్రతి ప్యానెల్ రీడింగు, చేసిన మరమ్మతు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి. అది చదివి వద్దనుకున్న వాళ్లకు వేరే బండి ఇవ్వండి, లేదా బుకింగ్ సొమ్ము పూర్తిగా తిరిగివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఖమ్మం