పన్నెండు నుంచి మూడు వరకు

మే నెలాఖరుకు తెలుగునాట ఎండలు పరాకాష్ఠకు చేరుకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు సైతం పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. బడులకు సెలవులు కనుక పిల్లలు, పెద్దలు ఇంటిపట్టునే ఉంటారు. ఇలాంటి రోజున ఇంట్లో, పెరట్లో చేయవలసినవి చిన్న చిన్న పనులే. అయితే ఆ పనులు ఏ వేళలో జరుగుతున్నాయి, ఎవరి చేతుల మీదుగా జరుగుతున్నాయి అన్న రెండు ప్రశ్నలను ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా పెరటి విషయం. ఫజ్ర్ నమాజు ముగిశాక లభించే ఒకటి రెండు గంటల చల్లదనం వేసవిలో గొప్ప దైవానుగ్రహం. మొక్కలకు నీరు పోయడానికి తగిన వేళ అదే. అప్పుడు పోసిన నీరు వేళ్ల దాకా ఇంకుతుంది. ఎండ ముదిరాక పోస్తే చాలా భాగం పైమట్టి నుంచే ఆవిరైపోతుంది. పైపైన చిలకరించడం కన్నా, కుండీ అడుగు రంధ్రం చెమర్చే వరకు నిదానంగా పోయడం మేలు. మొదలు చుట్టూ ఎండుటాకులనో, వరిగడ్డినో రెండంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. మల్లె, గోరింట ఎండను తట్టుకుంటాయి. పుదీనా, కొత్తిమీర కుండీలను మాత్రం మధ్యాహ్నపు నీడ పడే గోడ వైపునకు జరపాలి.

మధ్యాహ్నం ఆకులు వాలిపోవడం చూసి కొందరు కంగారుగా మళ్లీ నీళ్లు పోస్తారు. వేళ్లు పీల్చుకునే నీటి కన్నా ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు ఎక్కువైనప్పుడు ఆకు వాలుతుంది. ఆ వేళ అనేక మొక్కలు ఆకులలోని సూక్ష్మ రంధ్రాలను మూసుకొని, ఉన్న నీటిని కాపాడుకుంటాయి. మట్టిలోకి వేలు దింపి చూడండి. లోపల తేమ ఉంటే ఆందోళన అక్కర్లేదు, సాయంత్రానికి ఆకు తిరిగి లేస్తుంది. మండుటెండ వేళ కొంత నెమ్మదించే స్వభావాన్ని సృష్టికర్త మొక్కకు సైతం ప్రసాదించాడు.

మరి ఆ వెసులుబాటు మన ఇంట్లో అందరికీ దక్కుతోందా? మగవారు, పిల్లలు ఫ్యాను కింద నడుం వాల్చిన వేళ పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాలుస్తున్నది ఎవరు? చాలా వంటిళ్లలో ఫ్యాను ఉండదు. ఉన్నా, మంట ఆరిపోతుందని ఆపివేస్తారు. వడదెబ్బ బయట తిరిగేవారికే తగులుతుందనుకోవడం సరికాదు. గాలి ఆడని వేడి గదిలో గంటల తరబడి ఉన్నవారికీ తగులుతుంది. గర్భవతులకు, వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడినా, స్పృహ మసకబారినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, ఒంటిని చల్లటి నీటితో తడుపుతూ గాలి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు.

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేస్తుండేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో సాయపడుతుండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కొంత చల్లబడే వరకు ఆపమని కూడా ఆయన (సఅసం) బోధించారు. ఆరాధనలోనే శరీరానికి ఇంతటి సౌలభ్యం కల్పించిన ధర్మాన్ని అనుసరించే మనం, మిట్టమధ్యాహ్నం పొగలు కక్కే కూరలు కావాలని పట్టుబట్టడం ఏ పాటి న్యాయం? ఎండ ముదిరిన వేళల్లో వంట చేయవద్దని, వంటగది తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ సైతం సూచిస్తోంది. వంట ఉదయమే ముగించుకుందాం. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం, కీరదోస ముక్కలు చాలు. కూరగాయలు తరగడం ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ అప్పగించండి. అంట్లు తోమడానికి ఇంటి యజమాని పూనుకుంటే ఆయన గౌరవానికి లోటేమీ రాదు.

ఇక నీటి సంగతి. ప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే రెండు చేతుల దోసిలి నిండేంత కొలత, లీటరు కన్నా తక్కువే. కొళాయి తిప్పి వదిలేస్తే అంతకు ఎన్నో రెట్ల నీరు కాలువ పాలవుతుంది. చెంబుతో వుజూ చేసి, కింద ఒక బేసిన్ ఉంచితే ఆ నీరు కరివేపాకు మొక్కకు ఉపయోగపడుతుంది. బియ్యం, ఆకుకూరలు కడిగిన నీరూ అంతే. సబ్బు నీటిని మాత్రం ఆకుకూరల మడిలో పోయకండి.

పిట్టల కోసం గోడ నీడన మట్టి మూకుడులో నీరు పెట్టే పనిని పిల్లలకు అప్పగించండి. పాత నీరు పారబోసి, లోపలి అంచులను రుద్ది కడిగి, రోజూ కొత్త నీరు నింపాలని నేర్పండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ అంచుల మీదే. దప్పికతో అల్లాడుతున్న కుక్కకు నీరు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసును అప్పుడే వారికి చెప్పండి. గ్యాసు బండ మోసుకొచ్చిన మనిషికి చల్లటి నీరు అందించడం కూడా వారి వంతు కావాలి.

ఈ వేసవి ముగిసే వరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మన ఇళ్లలో పొయ్యి వెలగకుండా చూద్దాం. ఆ మూడు గంటల విశ్రాంతి ఇంటి ఇల్లాలికీ, పనికి వచ్చే సోదరికీ సమానంగా దక్కాలి. ఇంటివారి కష్టాన్ని గుర్తించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.