పదో వంతు లెక్క నూనెకు చాలదు

వేడికి ద్రవాలు వ్యాకోచిస్తాయని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. ఆ పాఠం పరీక్షతో ముగిసిపోకూడదని నా అభిప్రాయం. మీలో కొందరు పగలు కర్మాగారంలో పనిచేసి రాత్రి చదువుకుంటున్నవారే కదా!

ప్లైవుడ్ తయారుచేసే హాట్ ప్రెస్సును తీసుకుందాం. దాని పలకలను వేడిచేయడానికి చాలాచోట్ల థర్మిక్ ఫ్లూయిడ్ అనే నూనెను వాడతారు. హీటరులో వేడెక్కిన నూనె గొట్టాల గుండా పలకలకు వెళ్ళి, తిరిగి హీటరుకు చేరుతుంది. వేడికి పెరిగిన నూనె నిలవడానికి అన్నిటికంటే ఎత్తున ఒక తొట్టి ఉంటుంది. అదే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు.

ఈ ట్యాంకు ఎంత ఉండాలి? మొత్తం ద్రవంలో పదో వంతు చాలునని కొందరు నోటిలెక్క చెబుతారు. నీటికైతే ఆ లెక్క చెల్లుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 1,000 లీటర్లున్న నీరు 90 డిగ్రీలకు సుమారు 1,034 లీటర్లవుతుంది. 100 లీటర్ల ట్యాంకులో ఆ 34 లీటర్లు సులభంగా ఇముడుతాయి.

నూనె సంగతి వేరు. దాని వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.0008. పైగా అది 90 డిగ్రీల దగ్గర ఆగదు. 1,000 లీటర్ల నూనెను 30 నుండి 230 డిగ్రీలకు వేడిచేస్తే,

1,000 × 0.0008 × 200 = 160 లీటర్లు

పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో పావు వంతు, వేడిగా ఉన్నప్పుడు ముప్పావు వంతు నూనె ఉండాలన్నది మంచి పద్ధతి. అంటే పెరిగిన నూనెకు దక్కేది సగం ట్యాంకే. కాబట్టి 320 లీటర్ల ట్యాంకు కావాలి. పదో వంతు లెక్కతో పెట్టిన 100 లీటర్ల ట్యాంకు ఖాళీగా ఉన్నా పొంగిపోతుంది. ఆ వేడి నూనె నిప్పు దగ్గర పడితే అంటుకుంటుంది. కింద నిలబడి ఉండేది ఆపరేటరే.

మొత్తం నూనెను లెక్కించేటప్పుడు గొట్టాలను మరిచిపోవద్దు. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న గొట్టంలో మీటరుకు దాదాపు 2 లీటర్లు పడుతుంది. 100 మీటర్ల గొట్టమంటే 200 లీటర్లు!

ట్యాంకు పెద్దదైతే గాలి ఎక్కువగా తగిలి నూనె పాడవుతుందనే అభ్యంతరం ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. అయితే నూనెను త్వరగా పాడుచేసేది గాలితో కలిసిన వేడి. ట్యాంకులోని నూనె చల్లగా ఉండేటట్లు అమర్చితే, లేదా పైన నైట్రోజన్ నింపితే ఆ చిక్కు తీరుతుంది. రేకు ఖర్చు ఎక్కువవుతుందనే మాటను మాత్రం నేను ఒప్పుకోను.

మరొక విషయం. ఉదయం గేజి గ్లాసులో నూనె పావు వంతే కనిపిస్తే, తగ్గిందనుకొని పైదాకా పోసేవారుంటారు. అప్పుడు 320 లీటర్ల ట్యాంకు కూడా పొంగుతుంది. అందుచేత గ్లాసు పక్కన చల్లని మట్టానికి ఒక గీత, వేడి మట్టానికి ఒక గీత రంగుతో గీయించాలి. ఏ గీత ఎందుకో తెలుగులో రాయించాలి.