కార్డు మార్చే ముందు నీళ్లు మార్చండి

కొత్తవలసలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నాను. నా కంప్యూటర్లో ఉన్నది 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు, నీళ్లతో చల్లబరిచే ఏర్పాటుతో. ముహూర్తాల రోజుల్లో తెల్లవార్లూ దానికి పనే.

పోయిన వేసవిలో అది వేడెక్కి నెమ్మదించింది. దీని పనైపోయిందనుకుని విశాఖ వెళ్లి కొత్తదాని ధర కూడా అడిగొచ్చాను. తీరా విప్పి చూస్తే చిప్ మీద కూర్చునే వాటర్ బ్లాక్ సన్నటి గాడుల్లో మడ్డి, రేడియేటర్ నిండా దుమ్ము. అన్నీ కడిగి, ద్రవం మార్చి, చిప్ మీద పేస్టు కొత్తగా రాశాను. 3090కి మెమరీ చిప్పులు వెనకవైపూ ఉంటాయి, వాటి థర్మల్ ప్యాడ్లూ మార్చాను. ఒక ఆదివారం పట్టింది. కార్డు పాత వేగానికి వచ్చేసింది.

నీళ్లైనా కార్డును గది గాలికంటే చల్లగా చేయలేవు. మన మే నెల ఎండలో ఎంత ఖరీదైన కార్డుకైనా ఈ తిప్పలు తప్పవు.

2022లో వచ్చిన 4090లోనూ నా కార్డులో లాగే మెమరీ 24 జీబీయే, అందుకే కొనలేదు. 2025 నాటి 5090లో 32 జీబీ. కానీ నా కార్డు 350 వాట్లు తింటే అది 575 తింటుంది. పవర్ సప్లై, యూపీఎస్ మార్చాలి. పాత వాటర్ బ్లాకూ దానికి సరిపోదు.

24 జీబీ చాలక పని ఆగిపోయిన రోజున కొంటాను. మీరూ డబ్బు కట్టేముందు ఒకసారి విప్పి చూడండి.