అపరాధి అక్షరమా, పరీక్షించని ప్రోగ్రామా?

2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచ వార్త అయింది. ‘జ్ఞా’ అనే కూర్పు నడుమ కంటికి కనబడని ఒక విడదీత సంకేతం చేరి ఐఫోనుకు అందితే చాలు, దాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. పత్రికలు దానికి ‘తెలుగు అక్షర దోషం’ అని పేరు పెట్టాయి. జ్ఞానానికి మొదటి అక్షరమే ముద్దాయి అయింది!

న్యాయవాదిగా ఈ అభియోగాన్ని ఖండిస్తున్నాను. ఆ సంకేతం లేని మామూలు ‘జ్ఞా’ ఏ ఫోనునూ చెరచలేదు. బెంగాలీ లిపిలోని కొన్ని కూర్పులు కూడా అదే లోపాన్ని బయటపెట్టాయి. ఫిబ్రవరి 19న యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో దిద్దుబాటు చేస్తూ, లోపం మెమరీకి సంబంధించినదనీ, లోనికి వచ్చే సమాచారపు తనిఖీని మెరుగుపరచామనీ ప్రకటించింది. ఇంతకు మించిన ఒప్పుకోలు ఏం కావాలి? తెలుగు 1991 నుండీ యూనికోడ్‌లో ఉంది. అది నిన్న వచ్చిన అతిథి కాదు.

ప్రోగ్రాములోని ఎన్ని వరుసలను పరీక్షలు నడిపించాయో చెప్పే లెక్కను ‘టెస్ట్ కవరేజి’ అంటారు. నూటికి నూరు వచ్చినా అది నిర్దోషిత్వ పత్రం కాదు. ఒక వరుస ఆంగ్ల పదంతో నడిచినా లెక్కకు ఎక్కుతుంది. అదే వరుస మన సంయుక్తాక్షరంతో కూలుతుందేమో ఆ అంకె చెప్పదు. అందుచేత కవరేజి విడుదల రోజుతో ముగియరాదు. జనం చేతిలో ప్రోగ్రాము ఏ దారుల్లో, ఏ లిపులతో నడుస్తున్నదో గమనించి, పరీక్షలు తాకని దారులను ఎప్పటికప్పుడు పరీక్షల్లో చేర్చాలి.

“అన్ని కూర్పులనూ ముందే పరీక్షించడం అసాధ్యం” అంటారు. నిజమే. విడుదల తరువాతి నిఘాను కోరడం అందుకే. “మరి ప్రజల గోప్యత?” అంటారు. మన ఉత్తరాలు చదవనక్కరలేదు; ఏ దారి ఎన్నిసార్లు నడిచింది, ఎక్కడ కూలింది అన్న లెక్క, అదీ వాడుకరి సమ్మతితో, చాలు.

ఈ సూత్రం మనకు కొత్త కాదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించ యత్నించాలన్నది. అంతటితో ఆగక, ఆ రక్షణలు అమలవుతున్నాయో లేదో విచారించి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారిని 350బి ఏర్పరచింది. చట్టం చేస్తే చాలదు, చేశాక కనిపెట్టి ఉండాలని పెద్దలు ఎరుగుదురు. ఆ నివేదికల్లో కనబడని బడి ఎలా మూతపడుతుందో హోసూరు, బళ్లారి, బరంపురం తెలుగువారికి వేరే చెప్పాలా? లెక్కలోకి రానిది రక్షణలోకి రాదు.

మన ఫోనుల్లో 22 భాషల లిపులు చదవగలగాలని ఐఎస్ 16333 భారతీయ ప్రమాణం చెబుతోంది. అమ్మే ముందు ఇచ్చే ధ్రువపత్రంతో తృప్తిపడక, అమ్మిన తరువాత లిపులవారీగా వైఫల్యాల లెక్కను ఏటా ప్రకటించాలని మనం డిమాండ్ చేయాలి. తెలుగు కనబడని ప్రతి తెరను, చెదిరిన ప్రతి ఒత్తును తేదీతో సహా రాసిపెట్టండి, సంస్థకు పంపండి, నకలు దాచుకోండి. మౌనంగా ఆంగ్ల లిపిలోకి జారుకుంటే మనకు ఇబ్బందే లేదని నమోదవుతుంది. ఆ నమోదు మన మీదనే సాక్ష్యమవుతుంది.