మాత్ర ఒక్కటే రాలేదు

గర్భనిరోధక మాత్ర స్త్రీలకి విముక్తి తెచ్చిందన్న వాక్యం మన సెమినార్లలో, మార్చి ఎనిమిది ప్రసంగాల్లో ఎన్నిసార్లు వినపడుతుందో లెక్క లేదు. అచ్చుయంత్రం వచ్చింది, మత సంస్కరణ వచ్చింది. ఆవిరి యంత్రం వచ్చింది, పారిశ్రామిక విప్లవం వచ్చింది. మాత్ర వచ్చింది, స్త్రీ విముక్తి వచ్చింది. ఇంత సులువుగా చెప్పుకుంటూ పోతారు. ఎవరో శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒకటి కనిపెడతాడు, బస్సెక్కిన ప్రయాణికుల్లా సమాజమంతా అది ఎటు తీసుకుపోతే అటు పోతుంది. ఈ కథలో స్త్రీలు చేసేదేమీ ఉండదు, ఇచ్చింది పుచ్చుకుని కృతజ్ఞతగా ఉండటం తప్ప.

ఈ వాక్యంతో నాకు పేచీ ఉంది. మాత్ర మంచిదా చెడ్డదా అన్నది కాదు నా పేచీ. కొత్తగా కనిపెట్టిన ఏ వస్తువూ ఒంటరిగా రాదు, ఏదో ఒక ఆలోచన దాన్ని మోసుకొస్తుంది. ఏ ఆలోచన మోసుకొచ్చిందన్న దాన్ని బట్టే అది మనల్ని ఏం చేస్తుందో తేలుతుంది. మన తెలుగునేల మీద గర్భనిరోధం చరిత్ర చూస్తే ఈ విషయం అర్థమైనంత బాగా ఇంకెక్కడా అర్థం కాదు.

ముందు ఆ మాత్ర పుట్టిన ఇంటికి వెళదాం. అది ఏ శాస్త్రవేత్తకో హఠాత్తుగా తట్టిన ఆలోచన కాదు. దాన్ని కావాలని అడిగింది ఇద్దరు ముసలి స్త్రీలు. ఒకరు జనన నియంత్రణ కోసం జైలుకి కూడా వెళ్ళిన మార్గరెట్ సాంగర్. రెండోవారు 1904లోనే ఎం.ఐ.టి.లో జీవశాస్త్రం చదివి, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన కాథరిన్ మెకార్మిక్. గ్రెగరీ పింకస్ పరిశోధనకి ప్రభుత్వమూ, మందుల కంపెనీలూ చేయి విదిల్చనప్పుడు డబ్బంతా ఆవిడే పెట్టింది. 1956లో పోర్టోరికోలోని పేద స్త్రీల మీద పెద్దఎత్తున పరీక్షలు మొదలయ్యాయి. అక్కడ పరీక్షలు చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, వందలో 17 మందికి తల తిరగడం, వాంతులు, కడుపునొప్పి వస్తున్నాయని, ఈ మోతాదు అందరికీ పనికిరాదని రాసింది. ఆమె మాటని పెద్దగా ఎవరూ లెక్కచెయ్యలేదు. 1960లో అమెరికా ప్రభుత్వం మాత్రకి అనుమతి ఇచ్చేసింది.

మరి విముక్తి 1960లో వచ్చిందా? పెళ్ళైన దంపతులు గర్భనిరోధకాలు వాడుకోవచ్చని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 1965లో. పెళ్ళికాని స్త్రీలకీ ఆ హక్కు ఉందన్నది 1972లో. ఈ మధ్య పన్నెండేళ్ళూ మాత్ర ఉంది, హక్కు లేదు. 1969లో బార్బరా సీమన్ అనే పాత్రికేయురాలు మాత్ర వల్ల రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాల గురించి పుస్తకం రాసింది. దాని మీద 1970లో సెనేట్‌లో విచారణ జరిగితే మాత్ర మింగుతున్న ఒక్క స్త్రీని కూడా సాక్ష్యానికి పిలవలేదు. వాషింగ్టన్ స్త్రీవాదులు ప్రేక్షకుల్లోంచి లేచి, టీవీ కెమెరాల ముందే, మా ఒంట్లోకి పోయే మందు గురించి మమ్మల్నెందుకు అడగరని కేకలు వేశారు. మాత్రల పెట్టెలో దుష్ఫలితాలు చెప్పే కాగితం పెట్టాలన్న నిబంధన ఆ గొడవ తర్వాతే వచ్చింది. ఈ రోజు మనం ఏ మందు కొన్నా మడతలు విప్పి చదువుకునే అలాంటి కాగితం వెనక ఆ కేకలు కూడా ఉన్నాయి. అక్కడ మాత్ర విముక్తి సాధనమైందంటే 'నా శరీరం నాది' అన్న ఆలోచన దాన్ని పట్టుకుని వదలకపోవడం వల్లనే.

మన దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం ఇంకో ఆలోచన మోసుకొచ్చింది. దాని పేరు జనాభా విస్ఫోటనం. 1968లో అమెరికాలో పాల్ ఎర్లిక్ రాసిన 'పాపులేషన్ బాంబ్' అనే పుస్తకం ఢిల్లీ వీధుల్లో టాక్సీ ప్రయాణంతో మొదలవుతుంది. పేదవాళ్ళ గుంపుని చూసి భయపడిన తెల్లవాడి చూపు అది. కానీ మన పాలకులకి ఆ చూపు అప్పటికే అలవాటైపోయింది. ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది 1952లో, ప్రపంచంలో అందరికంటే ముందు. అదే ఏడాది బొంబాయిలో సాంగర్, మన ధన్వంతి రామారావు లాంటివాళ్ళు కలిసి అంతర్జాతీయ కుటుంబ నియంత్రణ సమాఖ్యని స్థాపించారు. సాంగర్ స్త్రీల హక్కుల గురించీ మాట్లాడింది, 'పనికిరాని' మనుషులు పుట్టకూడదన్న యూజెనిక్స్ భాషా మాట్లాడింది. రెండు ఆలోచనలూ ఆవిడ నోటనే ఉన్నాయి. దిగుమతి అయినప్పుడు మనకి ఎక్కువ పాలు దక్కింది రెండోదే.

అందుకే లూప్ వచ్చినా, మాత్ర వచ్చినా, లాపరోస్కోప్ వచ్చినా ఇక్కడ అన్నిటికీ ఒకటే పేరు, టార్గెట్. 1965లో లూప్ వేశారు. రక్తస్రావంతో తీసేయించుకున్న స్త్రీల బాధని వదంతులన్నారు. ఎమర్జెన్సీలో, 1976-77లో, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో దాదాపు 62 లక్షలు మగవాళ్ళవి. ఆ కోపం 1977 ఎన్నికల్లో ప్రభుత్వాన్ని కూల్చిన కారణాల్లో ఒకటైంది. కొత్తగా వచ్చినవాళ్ళు కుటుంబ నియంత్రణని కుటుంబ సంక్షేమం అని మార్చారు. పేరుతో పాటు గురి కూడా మారింది. మగవాళ్ళ మీద నుంచి ఆడవాళ్ళ మీదకి తిరిగింది. మగవాళ్ళ కోపానికి ఒక ప్రభుత్వం పడిపోయింది గానీ ఆడవాళ్ళ నొప్పికి ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.

దాని ఫలితం చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో వందకి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. తెలంగాణలో దాదాపు 62 మంది. దేశం మొత్తానికి ఆ అంకె 38. మగవాళ్ళ ఆపరేషన్ వందకి ఒకటి కూడా లేదు. ఇక విముక్తినిచ్చిందని మనం ప్రసంగాలు చేసే ఆ మాత్ర? ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని వాడుతున్నవాళ్ళు వందలో ఒక్కరు కూడా లేరు! ప్రపంచ చరిత్రని మార్చిన మాత్ర మన పల్లెల గుమ్మం దాకానే రాలేదు.

సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రలో 1992-93లో 2.6 ఉంటే 2005-06కి 1.8కి పడిపోయింది. చదువు పెరిగితేనే పిల్లలు తగ్గుతారన్న సూత్రాన్ని ఆంధ్ర అబద్ధం చేసిందని జనాభా శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారు. మనకెందుకు ఆశ్చర్యం? పదో తరగతి దాటకుండానే పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు రాకముందే ఆపరేషన్, కుట్లు మానీ మానకముందే కూలికి. 2019-21లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతానికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళిళ్ళైపోయాయి. అంటే సంతానం తగ్గింది గానీ పెళ్ళి వయసు కదల్లేదు. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఎంతన్నది ఆమె చేతుల్లోకి రాలేదు. గర్భాన్ని ఒక్కసారిగా మూసెయ్యడం మాత్రం వచ్చింది. అక్కడితో ఆగిందా? 2015-16 సర్వే నాటికి ఆంధ్రలో 15-49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు. దేశం సగటు 3 శాతం. పిల్లలు చాలనుకున్నాక ఇంక ఆ సంచితో పనేముంది అన్న మాట డాక్టర్లూ అంటారు, ఇంట్లోవాళ్ళూ అంటారు. వినీ వినీ మనమే అంటాం.

ఇక్కడ మనవాళ్ళతో కూడా ఒక మాట అనుకోవాలి. ఇదంతా చూసి మనలో కొందరు సైన్సే పితృస్వామ్యం అనే చోట ఆగిపోతున్నారు. ఆ మాట చెప్పాక ఇక చదవక్కర్లేదు కదా! హార్మోన్ ఎలా పనిచేస్తుందో, ప్రయోగానికి అంగీకార పత్రం ఎలా ఉండాలో తెలుసుకునే శ్రమ తప్పుతుంది. కానీ మన ఉద్యమ చరిత్రలో గట్టి పనులు చేసినవాళ్ళు ఆ దారిలో నడవలేదు.

1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ని స్త్రీల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. రెండు నెలలకోసారి వేస్తే గర్భం రాదు. వేయించుకునే స్త్రీలకి అది ప్రయోగమన్న సంగతి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఈ విషయం కనిపెట్టారు. వాళ్ళు చేసిందేమిటి? వైద్య పత్రికలు తిరగేశారు. ఆ మందు ఏ దేశంలో ఏ ఫలితాలిచ్చిందో వెతికారు. ఢిల్లీలోని సహేలీ, ఇంకొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసు పద్నాలుగేళ్ళు నడిచింది. చివరికి 2000లో ఆ ఇంజెక్షన్‌ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో సామూహికంగా వాడటం మంచిది కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆ శ్రమకి కొనసాగింపే. మన ఒంటి గురించి మనకి అర్థమయ్యే తెలుగులో, డాక్టరు మొహం చూసి బిత్తరపోకుండా ప్రశ్న వేసేలా రాసిన పుస్తకం అది. సైన్సుని తిట్టి వదిలెయ్యకుండా వంటింట్లోకి, బస్తీలోకి తెచ్చిన పని. నా దృష్టిలో ఆ రోజుల్లో తెలుగులో వచ్చిన చాలా సాహిత్య విమర్శ కంటే అది పెద్ద మేధో కార్యం. (సాహిత్య విమర్శకులు కోపగించుకున్నా సరే.)

ఈ తేడా పట్టుకోకపోతే ఖమ్మంలో జరిగింది మనకి అర్థం కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి స్త్రీల సంఘాలు ప్రశ్నించాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. కానీ గిరిజన హాస్టళ్ళలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ప్రాజెక్టుని గట్టిగా తప్పుపట్టింది. దీన్నుంచి టీకా వద్దు అన్న పాఠం తీసుకున్నవాళ్ళు ఉన్నారు. అది తప్పు పాఠం. ఆ టీకా పనిచేస్తుంది. మన కూలి ఆడవాళ్ళు ఆలస్యంగా ఆస్పత్రికెళ్ళి చచ్చిపోతున్న జబ్బుల్లో అదొకటి. తప్పు ఎక్కడ జరిగిందంటే, కోయ పిల్ల తల్లికి ఒక మాట చెప్పి ఆమె జవాబు కోసం ఆగడం అనవసరమనుకోవడంలో.

లాపరోస్కోప్ సంగతీ అంతే. చిన్న గాటుతో అయిపోయే ఆపరేషన్, ఎంత మంచి సాధనం! దాన్ని క్యాంపులో పెట్టి, వరసగా పడుకోబెట్టి, లెక్క చూసుకుంటే ఏమవుతుంది? 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్ చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. మూడేళ్ళలో ఈ క్యాంపులు ఆపెయ్యమని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు, అందరూ చిన్నపిల్లల తల్లులు. మన స్త్రీవాద కవిత్వం ప్రసూతి గదిలోకి వెళ్ళింది, అబార్షన్ గురించి మాట్లాడింది. నేను చదివినంతలో కు.ని. క్యాంపు వరండాలో చాప మీద పడుకున్న స్త్రీ గురించి మనం రాసింది చాలా తక్కువ. వందలో 70 మంది అనుభవం మన సాహిత్యంలో ఏ మూలన ఉంది?

ఇప్పుడు గాలి మారింది. పిల్లల్ని ఎక్కువగా కనండని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పిలుపునిచ్చారు. ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రంలో 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. ఆ నిబంధన పోవలసిందే, అది పంచాయతీల్లో దళిత, బహుజన స్త్రీలని ఎంత మందిని ఇంట్లో కూచోబెట్టిందో మనకి తెలుసు. కానీ పోయిన కారణం స్త్రీలు కాదు. ముసలివాళ్ళు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి, లోక్‌సభ సీట్లు తగ్గిపోతాయేమో అన్నవి వినిపిస్తున్న కారణాలు. ఇద్దరు ముద్దు ఆపై వద్దు అని గోడల మీద రాసిన చేత్తోనే ముగ్గురు కావాలని రాస్తారన్నమాట. పంపు కట్టెయ్యమంటే కట్టెయ్యాలి, తిప్పమంటే తిప్పాలి.

ఈ మారిన గాలికి తగిన కొత్త శాస్త్రం కూడా సిద్ధంగా ఉంది. జిల్లా కేంద్రాల్లో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు చూస్తూనే ఉన్నాం. పిల్లలు కావాలనుకునే స్త్రీకి అది నిజంగా వరమే, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండాలు దానం చెయ్యాలి, ఏడుకి మించి తియ్యకూడదు. అంటే పోర్టోరికోలో, పటాన్‌చెరులో, ఖమ్మంలో ఉన్నట్టే ఇక్కడా సూది గుచ్చించుకునే స్త్రీ ఒకరు వేరుగా ఉన్నారు. ఆ అమ్మాయిలు ఏ బస్తీల నుంచి వస్తున్నారు, పది పన్నెండు రోజులు వేసే హార్మోన్ ఇంజెక్షన్ల గురించి వాళ్ళకి ఎవరు ఏం చెబుతున్నారు, సంతకం పెట్టే కాగితం ఏ భాషలో ఉంది? మనలో యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళున్నారు, ప్రాజెక్టులు రాయగలిగినవాళ్ళున్నారు, కథలు రాసేవాళ్ళున్నారు. ముందు వెళ్ళి ఆ కాగితం చదువుదాం.