మందు కొట్టే మనిషికి శిక్షణ ఏదీ?

పురుగుమందుల వంటి ప్రమాదకర ఫ్యాక్టరీల్లో కార్మికులకూ యాజమాన్యానికీ సమాన ప్రాతినిధ్యంతో భద్రతా కమిటీ ఉండాలని భోపాల్ ఘోరం తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. అదే మందు డబ్బా పత్తి చేలోకి వచ్చేసరికి కమిటీ లేదు, ప్రతినిధి లేడు. తైవాన్ పంపు మోసే కూలీ, నీళ్లు తెచ్చి మందు కలిపే ఆడమనిషి, ఎవరి జాగ్రత్త వాళ్లదే!

తయారీదారులు, పంపిణీదారులు పనివారికి భద్రతా శిక్షణ ఇప్పించాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలే చెబుతున్నాయి. 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా చనిపోతే, జాగ్రత్తలు పాటించలేదన్న నింద కూడా వారి మీదే పడింది. నేర్పింది ఎవరు?

వ్యవసాయ కార్మికులు తమ భద్రతా ప్రతినిధులను ఎన్నుకోవచ్చని అంతర్జాతీయ కార్మిక సంస్థ 184వ ఒడంబడిక (2001) అంటోంది. భారత ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు.

కూలీని పెట్టి కొట్టించేది మనమే కనుక ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. కానీ సన్నకారు రైతు తన చేలో తానే పంపు ఎత్తుకుంటున్నాడు కదా.

కంపెనీ మీటింగులో టోపీలు పంచి ఫోటో దిగడం శిక్షణ కాదు. డబ్బా మీది ఎర్ర త్రికోణం అర్థమేమిటి, నాజిల్ మూసుకుపోతే నోటితో ఎందుకు ఊదకూడదు, కళ్లు తిరిగి పడినవాడితో పాటు ఆ డబ్బానూ ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లాలి: ఇవి చేలో నిలబడి నేర్పాలి. ఊరికి ఇద్దరు ప్రతినిధులను, అందులో ఒక మహిళను, కూలీలే ఎన్నుకోవాలి. శిక్షణ రోజుల కూలీ కంపెనీలే చెల్లించాలి. గాలి ఎదురు తిరిగితే పని ఆపించే హక్కు ఆ ప్రతినిధికి ఉండాలి. వచ్చే ఖరీఫ్‌కు ముందే ఈ డిమాండ్లతో ప్రతి మండల వ్యవసాయాధికారికీ వినతిపత్రం ఇవ్వాలని శాఖలను కోరుతున్నాం.